వంటింట్లో విన్న పాట

ఎగైలా
18 అక్టోబరు 2024

వఫ్రా గొర్రెల దొడ్లో ఉన్న పెంచల్ బావకు,

బతికే ఉన్నాను, వేళకు తింటున్నాను, మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నువ్వు ప్రతిసారీ అడిగే మూడు ప్రశ్నలకూ జవాబు అయిపోయింది కాబట్టి ఇక నా మాట విను.

మా మామా, అదే ఈ ఇంటి యజమానురాలు, పాటల మనిషంట! ఏడాదిగా ఈ ఇంట్లో అంట్లు తోముతున్నాను, మొన్నటిదాకా నాకీ సంగతి తెలియదు. బీరువా మీద దుమ్ము దులుపుతుంటే పెద్ద నల్లపెట్టె కనిపించింది. తెరిస్తే గిటారు. మామా చూసి కేకలేస్తుందనుకున్నాను. ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది.

ఆమె పేరు ఐల్సా. స్కాట్లాండ్‌లో చేపలు పట్టేవాళ్ళ దీవి ఆమెది. పదిహేడేళ్ళప్పుడే ఊరి పాత పాటలకు డ్రమ్ములూ కరెంటు గిటారూ పెట్టి పాడితే, పెద్దవాళ్ళు పాటను పాడు చేసిందని తిట్టారంట. కుర్రకారు మాత్రం టిక్కెట్లు కొని మరీ వచ్చారంట. తర్వాత సొంతంగా పాటలు కట్టింది. మూడు రికార్డులకు మంచి పేరొచ్చింది. నాలుగోది ఎవరికీ పట్టలేదు, గొంతుకు ఆపరేషన్ అయింది, ఆ దిగుల్లో ఉండగా అక్కడ ఉద్యోగం చేస్తున్న మా బాబాను, ఈ ఇంటి యజమానిని, పెళ్ళి చేసుకుని ఈ కువైట్‌కు వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళుగా గిటారు ముట్టలేదు.

ఇప్పుడు ఆమె పాత పాటల్ని ఎవరో పిల్లలు ఫోన్లలో వింటున్నారని, మళ్ళీ పాడమని వాళ్ళ దేశం నుంచి కబురొచ్చింది. ఏప్రిల్లో ముందు ఇక్కడ ఒక స్కూలు హాల్లో పాడాలి. అది బాగా జరిగితే రికార్డు. కానీ చేతిలో కొత్త పాట ఒక్కటీ లేదు. "అరుణా, నా పాటలు ఖలాస్" అంది. నేను నోరు ఊరుకోక, "మా ఆయన పాటలు కడతాడు మామా" అన్నాను.

బావా, వరసగా విను. నువ్వు పనిచోటు నుంచి పారిపోయి ఖల్లివల్లి అయినవాడివని కూడా చెప్పాను, కానీ పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, తోట చెప్పలేదు. మామా బాబాతో మాట్లాడింది. పాట కుదిరితే బాబా నీకు వీసా ఇచ్చిన యజమాని, మీ పాత కఫీల్‌ను కలిసి పారిపోయావన్న కేసు వెనక్కి తీయిస్తాడు. నిన్ను ఈ ఇంటికి డ్రైవరుగా పెట్టుకుని ఇక్కడ ఉండే కాగితం, ఇఖామా కొట్టిస్తాడు. ఒకే గోడ లోపల ఉంటాం బావా! రెండు మంచి పాటలు రాసి కూరగాయల వ్యాను ముస్తాక్‌కు ఇవ్వు. టమోటా పెట్టె అడుగున పెడితే ఎవరూ చూడరు.

అరుణజ్యోతి


వఫ్రా
3 నవంబరు 2024

అరుణకు,

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడంట ఇంకొకడు. మీ మామాకు పాటలు కావాలి, అదీ నా దగ్గర. నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది కాబట్టి ఆమెకు దణ్ణాలని చెప్పు.

రెండు చెక్కభజన పాటలు రాసి పంపుతున్నాను. పదాలు మాత్రమే. వరసలు నీకు తెలుసు, నువ్వే పాడి వినిపించు. నేను మునీంద్ర గురువు దగ్గర నేర్చినవాణ్ణి. వరసను కాగితంలోనూ ఫోన్లోనూ పెట్టకూడదని, నోటి నుంచి నోటికే ఇవ్వాలని ఆయన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆ మాట దాటలేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. అంకమ్మ పాట మాత్రం ఆమె ముందు పాడొద్దు. దక్కకుండా పోయిన మన బిడ్డ మీద నేను కట్టిన పాట అది. పోయిన చలికాలం మీ ఇంటివాళ్ళు ఇక్కడికి విహారానికి వచ్చినప్పుడు, నీళ్ళ ట్యాంకు వెనక నీకు నేర్పించాను కదా. ఆ తర్వాత నేను కూడా పాడలేదు. గుండె చాలదు.

బిడ్డ పోయిన ఆ కరోనా ఏడు విమానాలుంటే, కఫీల్ సెలవిచ్చి ఉంటే... వద్దులే. గోడ దూకితే విమానం ఎక్కొచ్చనుకున్న తెలివిమంతుణ్ణి నేను. బిడ్డను చూడ్డానికి దూకి, మూడేళ్ళుగా గొర్రెల్ని చూస్తున్నాను.

పెంచల్


ఎగైలా
20 డిసెంబరు 2024

బావకు,

నీ రెండు పాటలూ పాడాను. వంటగది గట్టు మీద అట్లకాడతో తాళం వేసి మరీ పాడాను. మామా గిటారు పట్టుకుని వారం రోజులు వాటితో కుస్తీ పట్టింది. తాళం నడక బాగుందంట, కానీ అందులో తనకు చెప్పుకోవడానికి ఏమీ లేదంట. దేవుడి పాటలు కదా, ఆమెకు ఎట్లా అతుకుతాయి?

ఇంట్లో పరిస్థితి బాగాలేదు. మామా అన్నం తినడం మానేసింది. నోటు పుస్తకం తెరుస్తుంది, ఒక ముక్క రాస్తుంది, కాగితం చింపుతుంది. నిన్న చెత్తబుట్టలో నలభై ఉండలు ఏరాను. బాబా విసుక్కుని "ఈ వయసులో ఇదంతా ఎందుకు?" అన్నాడు. ఆమె పుస్తకం మూసేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "అరుణా, ఈసారి పాడకపోతే ఇంక నేనెవరినో నాకే తెలియదు" అంది. ఇంగ్లీషులో అన్నా నాకు అర్థమైంది.

వాళ్ళ నాన్న పడవ మునిగి పోయాడంట. శవం మూడో రోజు ఒడ్డుకొచ్చిందంట. అప్పుడామె వేరే ఊళ్ళో పాడుతోంది. కబురు తెలిసినా, కొన్న టిక్కెట్లున్నాయని ఆ రోజు పాట ఆపలేదంట. వెళ్ళేసరికి పూడ్చేశారు. అది చెప్పి నా చెయ్యి వదల్లేదు.

బావా, ఆ పాట ఇద్దామా? నేను అడుగుతున్నాను, ఇవ్వలేదు.

అరుణ


వఫ్రా
2 జనవరి 2025

అరుణా,

వద్దు.

ఇంకేమీ రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు నన్ను మొండివాడనుకుంటావు. పోయిన వారం నేను తోట వదిలి బయలుదేరాను. ఎటు అని అడగొద్దు. కంచె దాటి, తారు రోడ్డు దాటి, ఇసుకలో నడిచాను. నీళ్ళు తీసుకోలేదు. తీసుకోకూడదనే అనుకున్నాను. చాలాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మంద మొత్తం నా వెనకే వస్తోంది. నూట ఎనభై గొర్రెలు. గేటు వేయడం మర్చిపోయాను. నేను ఆగితే ఆగుతాయి, నడిస్తే నడుస్తాయి. కసిరాను, రాళ్ళు వేశాను, పోలేదు. నాతోపాటు అవీ ఎండి చస్తాయని వెనక్కి తోలుకొచ్చాను. తోట మేనేజరు, ముదీర్ చూసి, మేత బాగున్న చోటు వెతుకుతున్నావా అని మెచ్చుకున్నాడు.

పోయినేడు కాగితాల్లేనివాళ్ళు ఇళ్ళకు పోవచ్చని క్షమాభిక్ష పెట్టినప్పుడే పోయి ఉండాల్సింది. వేలిముద్రలు పడితే మళ్ళీ రానివ్వరు, నన్ను ఒంటరిని చేసి పోతావా అని నువ్వు ఏడ్చావు. ఆగాను. తప్పు నీదని అనడం లేదు. కానీ మన బిడ్డను పూడ్చిన చోటు నువ్వు తర్వాత ఊరికి పోయి చూశావు, నేనింకా చూడలేదు. నాకున్నది ఆ పాట ఒక్కటే. దాన్ని అడగొద్దు.

పెంచల్


ఎగైలా
9 ఫిబ్రవరి 2025

బావకు,

నీ ఉత్తరం చదివాను. ఇంకోసారి అట్లా నడిచావంటే నా మీద ఒట్టు. గొర్రెలకున్నపాటి జ్ఞానం నీకు లేదా?

ఒక శుభవార్త. మామాకు పాట కుదిరింది. తానే కట్టుకుంది. వాళ్ళ నాన్న మీద. మూడు రోజుల్లో అయిపోయింది. అన్నం తింటోంది, నవ్వుతోంది, నాకు పాత స్వెట్టరు ఇచ్చింది. బాబా కూడా మెత్తబడ్డాడు. ఏప్రిల్ కచేరీ అయ్యాక మీ కఫీల్‌తో మాట్లాడతానన్నాడు. నీ పాటతో పని లేకుండానే మన పని అవుతోంది. నువ్వు దిగులు పెట్టుకోకు.

దగ్గు తగ్గిందా? ముస్తాక్ చేతికి మిరియాలు పంపాను.

అరుణ


వఫ్రా
6 మార్చి 2025

నా అరుణకు,

మిరియాలు అందాయి. ముదీర్ సగం తీసుకున్నాడు, మిగతా సగం నాకు చాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నమ్మొచ్చా? నేను ముస్తాక్‌ను కూర్చోబెట్టి వ్యాను నడిపి చూశాను, తోట లోపలే. చెయ్యి మర్చిపోలేదు. "అచ్ఛా డ్రైవర్ హై తూ" అన్నాడు. గడ్డం గీసుకున్నాను. అద్దంలో చూస్తే నాకు తెలియని ముసలాడు ఒకడు ఉన్నాడు. నన్ను చూసి జడుసుకోవద్దని ముందే చెబుతున్నాను.

డ్రైవరు గది ఇంటికి ఎటువైపు ఉంది? నీ వంటగది కిటికీలోంచి కనిపిస్తుందా? మీ ఇంట్లో కారు ఆటోమేటికా, గేరుదా? ఇవన్నీ రాయి. ఇన్నాళ్ళూ సాయంత్రమయితే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఇవి ఆలోచిస్తూ కూర్చుంటున్నాను.

మీ మామా పాట ఎట్లా ఉంటుందో రాయి. తండ్రి మీద పాట కట్టడం తేలిక కాదు. ఆమె మంచిదై ఉంటుంది.

నీ పెంచల్


ఎగైలా
14 ఏప్రిల్ 2025

బావకు,

కచేరీ బాగా జరిగింది. హాలు నిండింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను వెనక నిలబడి చూశాను. బాబా మాట్లాడతానన్నాడు, పనుల్లో ఉన్నాడు, కొంచెం ఓపిక పట్టు. గది కిటికీకి ఎదురుగానే ఉంది. కారు ఆటోమేటిక్.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

అరుణ


వఫ్రా
3 మే 2025

అరుణకు,

పాట మొదటి రెండు ముక్కలు రాసి పంపు.

పెంచల్


ఎగైలా
19 మే 2025

బావా,

రెండు వారాలు ఏం రాయాలో తెలియక ముస్తాక్ వస్తే లోపలే ఉండిపోయాను. నువ్వు రెండు ముక్కలు అడిగావు. రాస్తున్నాను.

కాలి మన్ను కడిగిందెవరే అంకమ్మా
కడవ నీళ్ళు సాలినాయా అంకమ్మా

ఇచ్చేశాను బావా. నువ్వు ఇసుకలోకి నడిచానని రాసిన ఉత్తరం చదివిన రోజునే ఇచ్చాను. నిన్ను అక్కడినుంచి లాగాలంటే నాకు ఇంకో తాడు కనిపించలేదు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పాడాను. మామా వాకిట్లో నిలబడి ఉంది. అర్థమేమిటని అడిగింది. చెప్పాను. తండ్రిని కడగలేకపోయిన మనిషి ఆమె, బిడ్డను కడగలేకపోయినవాళ్ళం మనం. ఇద్దరం ఆ గట్టు దగ్గరే కూర్చుని ఏడ్చాం. అందులో దొంగతనం లేదు, ఆ ఒక్క మాట నమ్ము.

తర్వాత మూడు నెలలు రోజూ నా చేత పాడించుకుంది. ఒక్కో రోజు ఒక్కో చోట మార్చింది. తర్వాతి ముక్కల్లో, ఇంగ్లీషులో, మన్ను తీసి ఉప్పు పెట్టింది. అంకమ్మ అన్నచోట సముద్రాన్ని పిలిచింది. మొదటి రెండు ముక్కలు మాత్రం మన తెలుగులోనే ఉంచింది. కచేరీలో ఒక ముసలి తెల్లాయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

రికార్డు మీద పేరు వేస్తానని మామా ఎన్నిసార్లు అడిగిందో! "మీ ఆయన పేరు చెప్పు, నా పేరు పక్కనే రాయిస్తా" అంది. ఇఖామా చేతికొచ్చాకే పేరు చెబుతానని నేను బిగదీసుకున్నాను. నీ పేరు బయటపడితే పట్టుకుపోతారని భయం, కాగితం రాకుండా పేరిస్తే మోసపోతామని తెలివి. చివరికి పేరు లేదు, కాగితం లేదు. "కువైట్ వంటింట్లో విన్న పాట" అని వేశారంట.

అసలు దెబ్బ ఇది. ఆ పాట విన్నాక వాళ్ళ దేశంలో ముప్పై ఊళ్ళలో పాడమని పిలిచారు. బాబా వద్దన్నాడు. ఆమె పోతానంది. పదిహేను రోజులు కొట్లాట. మొన్న గిటారు తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాదు. వెళ్ళేముందు నన్ను కౌగిలించుకుని నీ కాగితాల సంగతి బాబాకు గుర్తు చేశానంది. నేను బాబా దగ్గరికి పోయి అడిగితే ఆయన నా ముఖం కూడా చూడలేదు. "ఆ పాటే నా ఇల్లు తీసింది, దాన్ని తెచ్చిన మనిషికి నేను ఇఖామా కొట్టించాలా?" అన్నాడు. తప్పేముంది? ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. నన్ను వాళ్ళ అక్క ఇంటికి పంపుతాడు.

నిన్ను తెచ్చుకోవాలని పాడాను. పాట పోయింది, నువ్వూ రాలేదు. తిట్టు బావా, కానీ జవాబు రాయి.

అరుణ


వఫ్రా
28 మే 2025

అరుణా,

నాకు ఏప్రిల్ నెలాఖరుకే తెలుసు. ముస్తాక్ ఆ కచేరీ పాట ఫోన్లో చూపించాడు. "యే తేరీ జబాన్ హై నా?" అని, ఇది మీ భాషే కదా అన్నాడు. నీ నోటితో నువ్వు చెబుతావేమోనని చూశాను. అందుకే రెండు ముక్కలు అడిగాను.

ముందు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ముస్తాక్‌ది కదా, ఆగాను. నీ మీద ఎంత కోపమొచ్చిందో రాస్తే ఈ కాగితం చాలదు. వారం రోజులు నీకు రాయాలనుకున్నవన్నీ గొర్రెలకు చెప్పాను. తర్వాత కోపం కూడా అలిసిపోయింది. నువ్వు నాకోసం చేశావు. నేను ఇసుకలోకి నడవకపోతే నువ్వు పాడేదానివి కాదు. ఎవరిని తిట్టాలి?

ఆమె బాగా పాడింది. అది కూడా చెప్పాలి. తండ్రికోసం ఏడుస్తోందని భాష రాకపోయినా తెలుస్తుంది. ముస్తాక్ వచ్చిన ప్రతిసారీ అడిగి విన్నాను. నా బిడ్డ పేరు ఆ మొదటి ముక్కలో ఉంది కదా, దానికోసం. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అక్కడే చెడింది. ఆమధ్య ఎవరూ లేనప్పుడు నా పాట నేను పాడుకుందామని నోరు తెరిచాను. ఆమె వరస వచ్చింది. ఆపి మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ ఆమెదే. అంకమ్మా అన్నచోట నా వరసలో గొంతు దిగుతుందని తెలుసు, ఎట్లా దిగుతుందో తెలియడం లేదు. ఆమె అక్కడ పైకెత్తింది, నా గొంతు కూడా పైకే పోతోంది. పది రోజులుగా వెతుకుతున్నాను. నేను కట్టిన పాట అరుణా, నా దగ్గర లేదు.

నేను పోతున్నాను. పై వారం కాక ఆ పై వారం ముస్తాక్ వ్యానులో ఎగైలా వస్తాను, పోలీసు స్టేషనుకు పోయి నేనే చెప్పుకుంటాను. కొన్నాళ్ళు లోపల పెడతారు, ఎంబసీవాళ్ళు కాగితమిస్తే ఇంటికి పంపుతారు. వేలిముద్రలు పడతాయి, మళ్ళీ రాలేను. తెలుసు. కానీ బిడ్డ దగ్గరికి పోవాలి.

స్టేషనుకు పోయే ముందు ఒక గంట ఉంటుంది. పెద్ద మాల్ వెనక కూరగాయలు దింపే చోట ముస్తాక్ నన్ను దింపుతాడు. నువ్వు రా. నేను ఆ పాట నేర్పింది ఒక్క నీకే. ఇంకెవరి నోట్లోనూ లేదు. ఒక్కసారి పాడు, నేను కట్టినట్టే. వినుకుని, నోట్లో పెట్టుకుని పోతాను. బిడ్డ దగ్గర కూర్చుని పాడాలి. ఇంకేమీ అడగను.

వచ్చే వారం వ్యానులో జవాబు పంపు.

పెంచల్


ఎగైలా
4 జూన్ 2025

బావా,

ఇన్నాళ్ళు నీ దగ్గర దాచి దాచి ఇంతదాకా తెచ్చాను. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన క్షణం నుంచి పాడి చూస్తున్నాను. ఇల్లు ఖాళీగా ఉంది, వినేవాళ్ళు లేరు, గొంతెత్తి పాడొచ్చు. కళ్ళు మూసుకుని నీళ్ళ ట్యాంకు వెనక నువ్వు కూర్చున్న తీరు తలుచుకున్నాను. నీ చొక్కా గుర్తుంది. చెక్కల్లేక రెండు రాళ్ళతో తాళం వేశావు, అది గుర్తుంది. అంకమ్మా అనగానే నువ్వు తల పక్కకు తిప్పుకున్నావు, అదీ గుర్తుంది. పాట ఎత్తుకుంటే మామాది వస్తోంది. ఆమెతో కలిసి నేనూ మూడు నెలలు రోజూ పాడాను కదా. ఆమె ఎక్కడ మార్చితే అక్కడ నేనూ మార్చాను. బాగుందని తలూపాను కూడా.

నీకు తెలియదులే, ఏదో ఒకటి దించి పాడి ఇదే నీదని చెబుదామా అనుకున్నాను. నువ్వు నమ్మేవాడివి. నమ్మి దాన్నే తీసుకుపోయి బిడ్డ దగ్గర పాడేవాడివి. అంత పని చేయలేను.

బాబాను సెలవడిగాను, ఇచ్చాడు. నువ్వు చెప్పిన చోటికి వ్యాను రాకముందే వచ్చి నిలబడతాను. ఆ గంటసేపూ నీ పక్కన ఉంటాను, స్టేషను వాకిలిదాకా నీతో నడుస్తాను. పాట మాత్రం తేలేను బావా.

అరుణ